ఇంట్లో పాఠం, తోటలో గుర్రం

ఉండవల్లి దగ్గర మా జామతోటలో ఉన్న ఆడగుర్రం, ముత్యం, చాలాకాలం పెళ్లి ఊరేగింపుల్లో తిరిగి మా దగ్గరకు చేరింది. మార్వాడీ జాతిది, తెల్లనిది. పళ్లు చూసిన పశువైద్యుడు తొమ్మిదేళ్లు ఉండవచ్చని చెప్పారు. అమ్మిన వ్యక్తి జీను, తురాయిలతో పాటు దాని కళ్లేన్ని కూడా ఇచ్చాడు. నోట్లో ఉండే ఇనుప కమ్మీకి చిన్న చిన్న ముళ్లున్న కళ్లెం అది. బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల హింసా నివారణ కోసం 1965లో చేసిన కేంద్ర నియమాలు అటువంటి ముళ్ల కళ్లేలను నిషేధించాయి. అయినా ఊరేగింపు గుర్రాల నోళ్లలో అవి ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. ముత్యం పెదవుల మూలల్లో గట్టిపడిన మచ్చలు చూశాక ఆ కళ్లేన్ని సామాన్ల గదిలో మేకుకు తగిలించి, నోట్లో ఏమీ పెట్టకుండా గుర్రాన్ని నడిపించే దారి ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాను. గుర్రాన్ని భయపెట్టి లొంగదీయకుండా దానికి నేర్పే నేచురల్ హార్స్‌మన్‌షిప్ అనే పద్ధతి నాకు పరిచయమైంది ఆ వెతుకులాటలోనే.

ఈ ప్రాంతంలో గుర్రాల సంగతి తెలిసినవాళ్లు లేరని కాదు. మా తోటలో మేత చూసే సాయిబు గారు ఒకప్పుడు విజయవాడ స్టేషను ముందు జట్కా తోలినవారే. ఉలవలు ఎంతసేపు నానాలో, మాలీషు ఏ వైపు నుంచి ఏ వైపుకు చేయాలో, గిట్ట అరిగిన తీరును బట్టి నడక ఎక్కడ దెబ్బతిన్నదో ఆయన చెప్పగలరు. కొనే ముందు సుడులు చూసుకోమని నన్ను హెచ్చరించిందీ, నుదుటి సుడి మంచి చోటే ఉందని తరువాత ఒప్పుకున్నదీ ఆయనే. అయితే గుర్రం మనిషి మాట వినడానికి ఆయన లెక్కలో ఆధారం భయం ఒక్కటే. "భయం లేని గుర్రం బండిని కాలవలో దింపుద్ది బాబూ" అని ఆయన అన్నప్పుడు, రద్దీ బజార్లలో జనాన్ని ఎక్కించుకుని తిరిగిన మనిషి అనుభవాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు సాధ్యం కాలేదు. స్వారీ నేర్పే బడులు హైదరాబాదులో ఉన్నాయి గానీ, నాకు ముందుగా కావలసింది స్వారీ కాదు, నేల మీద నిలబడి గుర్రంతో కుదుర్చుకునే పొత్తు. పైగా ఉద్యోగం మానుకుని అక్కడ మకాం పెట్టడం కుదిరే పని కాదు. అందువల్ల రాత్రి వీడియో పాఠం చూసి, తెల్లవారకముందే బ్యారేజీ దాటి తోటకు వెళ్లి దానిని గుర్రంతో చేసి చూసుకునే గృహశిక్షణను ఎంచుకున్నాను.

ఈ పద్ధతికి వేళ్లు అమెరికా పశ్చిమ ప్రాంతంలో ఉన్నాయి. స్పెయిన్ నుంచి మెక్సికో మీదుగా కాలిఫోర్నియా చేరిన వకేరోలనే పశువుల కాపరుల సంప్రదాయంలో పెరిగిన బిల్ డారెన్స్ (1906–1999), ఆయన తమ్ముడు టామ్ డారెన్స్ (1910–2003), వారి దగ్గర నేర్చుకుని ఊరూరా శిక్షణ శిబిరాలు నడిపిన రే హంట్ (1929–2009) దీనికి పెద్దలు. గుర్రాన్ని లొంగదీయడం కాక, సరైన పని దానికి తేలికగాను, తప్పు పని కష్టంగాను ఉండేటట్టు ఏర్పాటు చేసి, ఎంచుకోవడాన్ని దానికే వదలడం వీరి బోధలోని ముఖ్యాంశం. బలవంతంగా చేయించిన పనిలో అందం ఉండదని క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు సైన్యాధికారి జెనొఫన్ రాశాడు కాబట్టి ఇదంతా కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. తరువాతి తరంలో అమెరికన్ గుర్రపు శిక్షకుడు ప్యాట్ పరెల్లీ చేసిన పని, ఆ పెద్దలు మాటల్లో పెట్టడానికి ఇబ్బంది పడ్డ విద్యను మెట్లుగా విడగొట్టి, గురువు ఎదురుగా లేని మనిషి కూడా ఇంటి దగ్గర సాధన చేసుకోగలిగిన పాఠ్యక్రమంగా తయారుచేయడం.

ఆ పాఠ్యక్రమంలో నాలుగు స్థాయిలున్నాయి. చేసే పనిని బట్టి పగ్గం పట్టుకుని నేల మీద చేసేది, పగ్గం తీసేసి చేసేది, వదులు పగ్గాలతో చేసే స్వారీ, పగ్గాల స్పర్శను నిలుపుకుంటూ చేసే నాణ్యమైన స్వారీ అని నాలుగు విభాగాలున్నాయి. వీటన్నిటికీ పునాదిగా సెవెన్ గేమ్స్ అనే ఏడు ఆటలున్నాయి. గుర్రాలు మందలో ఒకదానితో ఒకటి వ్యవహరించే తీరును గమనించి, స్నేహం చేయడం, నొక్కడం, తోలడం, వెనక్కీ ముందుకీ పంపడం, చుట్టూ తిప్పడం, పక్కకు నడిపించడం, ఇరుకులోంచి దాటించడం అన్న ఏడు పనులను ఆటలుగా కూర్చారు. మొదట్లో ఈ శిక్షణ డీవీడీలు, చిన్న పుస్తకాలు, తాళ్లు కలిపిన పెట్టెలుగా అమ్మేవారు. తరువాత చందా కట్టి ఇంటర్నెట్‌లో చూసే ఏర్పాటు వచ్చింది. ఒక స్నేహితుడి దగ్గర దొరికిన పాత డీవీడీలు కూడా నాకు పనికివచ్చాయి, ఎందుకంటే వాటిలో ఒకే పనిని మామూలు వేగంతోను, మెల్లగాను చూపించిన భాగాలున్నాయి.

సామాను దగ్గర నేను అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం ఆగవలసి వచ్చింది. కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు: నోట్లో ఏమీ లేకుండా ముట్టె మీదుగా, చెవుల వెనకగా తలకు తొడిగే, తాడుతో ముడులు వేసి చేసిన హాల్టర్, 12 అడుగుల పగ్గం, 4 అడుగుల ఫైబర్‌గ్లాస్ కర్ర, దాని కొసకు తగిలించే 6 అడుగుల సన్నతాడు, పై స్థాయిలకు 22 అడుగుల పగ్గం, ఆ తరువాత 45 అడుగులది. అమెరికా నుంచి తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిసి సరుకు విలువను మించిపోయేట్టున్నాయి. అందుకని ప్రతి వస్తువూ ఏ పని కోసం అలా ఉందో ముందు అర్థం చేసుకుని, ఆ పని చేసేదాన్ని ఇక్కడే తయారుచేయించుకోవాలనుకున్నాను. ఇది వృథా ప్రయాస కాలేదు. తాడు గురించి తెలుసుకుంటూ పోతే సగం పాఠం అక్కడే అర్థమయింది.

పశువులకు అమ్మే నైలాన్ తాడు సాగుతుంది. గుర్రం లాగినప్పుడు సాగిన తాడు, అది మనవైపు ఒక అడుగు వేసిన తరువాత కూడా కొంతసేపు బిగువుగానే ఉంటుంది. అంటే గుర్రం సరైన పని చేసిన క్షణంలో దానికి దక్కవలసిన సడలింపు ఆలస్యంగా దక్కుతుంది. పాలియెస్టర్ అంతగా సాగదు. ఇక తేలిక తాడైతే చేతి కదలిక అందులో ప్రయాణించదు: మణికట్టు కొద్దిగా ఊపితే ఆ అల తాడు పొడవునా పాకి హాల్టర్ దాకా చేరాలంటే తాటికి తగినంత బరువుండాలి. విజయవాడ వన్‌టౌన్‌లో తాళ్లు అమ్మే ఒక దుకాణంలో, సముద్రం మీదికి వెళ్లే పడవలకు వాడే అల్లిక పాలియెస్టర్ తాడు దొరికింది. బొటనవేలి లావున, చేతిలో మెత్తగా, బరువుగా ఉంది. ఒక కొసకు ఇత్తడి కొక్కెం పెట్టి కుట్టించాను; రెండో కొసకు చెప్పులు కుట్టే ఆయన రెండు తోలు పేలికలు బిగించి ఇచ్చాడు. వాటి బరువు వల్ల తాడు కొస ఊపినప్పుడు ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళుతుంది.

హాల్టర్‌కు వాడే తాడు మాత్రం సన్నగా, గట్టిగా ఉండాలి. వెడల్పాటి పట్టీ అయితే గుర్రం దాని మీద హాయిగా ఆనుకుని లాగుతుంది. సన్నతాడు మీద ఆనుకోవడం దానికి ఇబ్బంది కాబట్టి వదులుగా ఉన్న చోటును వెతుక్కుంటుంది. గడ్డం కింద వచ్చే ఫియడోర్ అనే ముడి వేయడం వీడియో ఆపి ఆపి చూస్తేగాని రాలేదు. ముట్టె మీది పట్టు మెత్తని మృదులాస్థి మీదికి దిగకుండా ఎముక మీదే ఉండాలి, ముడి వేశాక మిగిలిన కొస కంటికి దూరంగా వెనక్కి చూస్తూ ఉండాలి, ఈ హాల్టర్ తొడిగి గుర్రాన్ని తోటలో వదిలేయకూడదు. కొమ్మకో మేకుకో తగులుకుంటే తాడు తెగదు గనుక గుర్రం మెడ విరిగే ప్రమాదముంది. కర్ర విషయానికొస్తే, మొక్కలకు ఊతంగా పాతే ఫైబర్‌గ్లాస్ కడ్డీకి క్రికెట్ బ్యాటు రబ్బరు పట్టు తొడిగాను. ఎండకు ఫైబర్‌గ్లాస్ పైపొర లేచి సన్నని ముళ్లు అరచేతిలో దిగుతాయి కాబట్టి మిగిలిన భాగమంతా కరెంటు పనివాళ్లు వాడే టేపు చుట్టాను. ఈ కర్ర కొట్టడానికి కాదు, మన చేయి పొడవు పెంచుకోవడానికి. కానీ జీవితమంతా చెర్నాకోలలు చూసిన గుర్రానికి ఆ తేడా తెలియాలంటే ఎంత సాధన కావాలో మొదటి ఆటలోనే అర్థమయింది.

మొదటిది స్నేహపు ఆట. గుర్రం ఒంటి మీద ఎక్కడైనా సరే చేతితో, కర్రతో, తాటితో తాకించుకోవడానికి అది నిశ్చింతగా ఒప్పుకోవాలి. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర దానికి కనిపిస్తుంది గానీ, సరిగ్గా నుదుటి ముందు, సరిగ్గా తోక వెనక మాత్రం ఏమీ కనిపించదు. అందుకే ఎదురుగా వెళ్లి ముట్టె మీద చేయి వేయకుండా, భుజం వైపు నుంచి వెళ్లి మూపు దగ్గర రుద్దడంతో ఆరంభించమని పాఠం చెబుతుంది. దగ్గరకు వెళ్లి, అది బిగుసుకునే లోపే వెనక్కి తగ్గడం, మళ్లీ వెళ్లడం, లయ తప్పకుండా చేయడం ఇందులోని కిటుకు.

వీడియోలోని గుర్రాలు నచ్చకపోతే పక్కకు జరిగేవి, తల ఎత్తేవి, ముక్కుతో బుస కొట్టేవి. ముత్యం మాత్రం కదలనే లేదు. తాడు వీపు మీద పడినా, కర్ర కాళ్ల మధ్య తిప్పినా రాయిలా నిలబడింది. చూసినవాళ్లు "ఎంత సాధువో" అన్నారు. డప్పుల మోత, బ్యాండు మేళం, చెవి పక్కనే పేలే ఔట్ల మధ్య ఏళ్ల తరబడి నిలబడిన గుర్రానికి కదలకపోవడం ఒక్కటే మిగిలిన దారి అని, లోపల భయం నిండిపోయినప్పుడు కొన్ని గుర్రాలు పారిపోవడానికి బదులు బిగదీసుకుపోతాయని తరువాతి పాఠంలో వచ్చింది. అప్పుడు దగ్గరగా చూడటం నేర్చుకున్నాను. కన్ను ఆర్పడం లేదు. కంటి పైన చర్మం ముడతపడి త్రికోణంలా పైకి లేచి ఉంది. గడ్డం కింద కండ గట్టిగా గుండ్రంగా బిగిసి ఉంది. ఊపిరి డొక్కలోకి దిగకుండా రొమ్ములోనే ఆడుతోంది. ఈ స్థితిలో తాడు విసురుతూ పోతే, ఏదో ఒక క్షణాన ఉన్నట్టుండి తన్నుతుంది. అమ్మినవాడు చెప్పిన "ఊరికే తన్నే గుణం" ఇదేనని నాకు తోచింది.

చెవులను బట్టి గుర్రం మనసు తెలుసుకునే పాఠం మాకు అంతగా అక్కరకు రాలేదు. అందులో చూపించినవి చాలావరకు అమెరికన్ క్వార్టర్ హార్స్‌లు, వాటి చెవులు నిటారుగా ఉంటాయి. మార్వాడీ గుర్రం చెవులు లోపలికి వంగి కొసలు దాదాపు కలుసుకుంటాయి, గుండ్రంగా తిరుగుతాయి కూడా; అందువల్ల ముత్యం ఎప్పుడూ ఏదో శ్రద్ధగా వింటున్నట్టే కనిపిస్తుంది. నేను చెవులను వదిలి ముక్కుపుటాలను, గడ్డాన్ని, డొక్కను చూడటం అలవాటు చేసుకున్నాను. తాడు మూపు మీద వేసి, అది కన్ను ఆర్పేదాకా కదలకుండా ఆగి, ఆర్పగానే తాడు తీసి వెనక్కి తిరిగి దూరంగా నడిచేవాణ్ణి. చూసేవారికి ఇందులో ఏమీ జరగనట్టే ఉంటుంది. సాయిబు గారు మేత కలుపుతూ అటు చూసి, "ఈ పాటికి నేను బండి కట్టి నాలుగు సార్లు తిప్పేవాణ్ణి" అనేవారు. కొంతకాలానికి అది కన్ను ఆర్పడంతో ఆగక నిట్టూర్చడం, నాలుకతో పెదవులు తడుపుకోవడం, నమలడం మొదలుపెట్టింది. ఈ నమలడాన్ని గుర్రం నేర్చుకుంటోందనడానికి గుర్తుగా పాఠాల్లో చెబుతారు. బిగువు సడలుతున్నప్పుడు జరిగే శరీర చర్య అని శాస్త్రజ్ఞులు కొందరంటారు. రెండో మాటే నాకు సబబనిపించింది, ఎందుకంటే జోరీగ వాలి ఎగిరిపోయినప్పుడు కూడా ముత్యం అలాగే నమిలేది, అందులో అది నేర్చుకున్నదేమీ లేదు.

రెండో ఆట, పోర్కుపైన్ గేమ్, వేళ్ల కొసలతో నిలకడగా నొక్కి గుర్రాన్ని కదిలించడం. నాలుగు అంచెలుగా నొక్కమంటారు: మొదట వెంట్రుకలను మాత్రమే, తరువాత చర్మాన్ని, ఆపైన కండను, చివరకు ఎముక తగిలేంతగా. ఏ అంచెలో కదిలినా ఆ క్షణమే వేళ్లు తీసేయాలి. ఒత్తిడి గుర్రానికి ప్రశ్న మాత్రమే, వదలడంలోనే జవాబు ఉంటుంది. మనస్తత్వ శాస్త్రంలో దీనిని నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు, అనగా ఇబ్బందిని తొలగించడమే బహుమానంగా ఆ ప్రవర్తనను బలపరచడం. సాయిబు గారి చెర్నాకోల విద్యలోనూ ఇదే సూత్రం ఉందని ఒప్పుకోవాలి. తేడా అంతా ఎక్కడ మొదలుపెడుతున్నాం, ఎప్పుడు వదులుతున్నాం అన్న దాంట్లో ఉంది. వెంట్రుకల దగ్గర మొదలుపెట్టిన గుర్రం కొంతకాలానికి వెంట్రుకల దగ్గరే కదులుతుంది. దెబ్బతో మొదలుపెట్టిన గుర్రానికి దెబ్బే పడాలి.

గృహశిక్షణలోని ఇబ్బంది సరిగ్గా ఇక్కడే ఉంది. గుర్రం బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడమే కదలికకు తొలి ఆలోచన. ఆ ఆలోచన వద్దే వదలాలి, అడుగు పడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. దగ్గర నిలబడ్డ గురువు ఉంటే "ఇప్పుడు" అని ఒక మాట అంటాడు. వీడియోలోని గురువు నా గుర్రాన్ని చూడలేడు. ఈ లోటు తీర్చుకోవడానికి జామచెట్టుకు ఫోను కట్టి ప్రతి సాధననూ చిత్రించుకుని, రాత్రి పాఠం చూసే ముందు దానిని మెల్లగా నడిపి చూసుకునేవాణ్ణి. గుర్రం బరువు మార్చిన చోట ఆపి, నా వేళ్లు లేచిన చోట ఆపి, రెంటి మధ్య ఎంత ఎడం ఉందో చూడటం. నా మట్టుకు నేను అమెరికా పాఠాల కన్నా ఈ చెట్టుకు కట్టిన ఫోను దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాననే చెబుతాను. నొక్కే చేయి మన ఇష్టప్రకారం నడుస్తుంది. వదిలే చేయి గుర్రాన్ని చూసి నడవాలి, చూపు అలవాటు పడనిదే ఆ చేయి త్వరపడదు. ఇంటి దగ్గర నేర్చుకోవాలనుకునేవారు తాళ్లు కొనడానికి ముందే ఫోను నిలబెట్టే ఏర్పాటు చూసుకోవడం మంచిది.

సాధనకు వేళలు కూడా మనవే పెట్టుకోవాలి. చల్లని దేశాల్లో తీసిన పాఠాల్లో పట్టపగలు గంటల తరబడి గుర్రాలను ఆడిస్తుంటారు. విజయవాడలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫాల్గుణం వెళ్లాక సూర్యోదయం కాకముందే ముగించేవాళ్లం. కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రం కాస్త తీరికగా చేశాం. గుర్రం కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది కనుక, ఖాళీ కడుపుతో పని చేయించకుండా ముందు కాస్త పచ్చగడ్డి వేసేవాళ్లం. మేసిన గుర్రం మాట వినదని సాయిబు గారి అభిప్రాయం.

తోలే ఆటలో తాకకుండా, లయగా చేయి ఊపుతూ కదిలిస్తారు. యో-యో ఆటలో పగ్గం కొస పట్టుకుని గుర్రాన్ని నేరుగా వెనక్కి పంపి మళ్లీ నేరుగా రప్పిస్తారు. వేలు ఆడించడంతో మొదలై మణికట్టు, మోచేయి, చివరకు భుజం దాకా నాలుగంచెల్లో సంజ్ఞ పెరుగుతుంది. ముత్యం ఈ రెండూ తొందరగానే పట్టుకుంది. వెనక్కి నడవడం గుర్రానికి అంత ఇష్టమైన పని కాకపోయినా, మనిషి తన మీదికి రాకుండా తనను దూరంగా పంపుతున్నాడన్నది దానికి ఊరటగా ఉన్నట్టుంది.

చుట్టూ తిప్పే ఆట దగ్గర మాత్రం చాలా కాలం నిలిచిపోయాం. మన దగ్గర గుర్రాన్ని తాటికి కట్టి చుట్టూ పరుగెత్తించడం తెలిసిన పనే; నడిపేవాడు మధ్యలో నిలబడి గుర్రంతో పాటు తిరుగుతూ వెనక నుంచి అదిలిస్తుంటాడు. ఇక్కడ దానికి పూర్తిగా వ్యతిరేకం. గుర్రాన్ని పంపాక మనిషి కదలకూడదు, తిరగకూడదు. పగ్గాన్ని వీపు వెనక ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ, గుర్రాన్ని చూడకుండానే ఉండాలి. నడక మార్చకుండా, దిక్కు మార్చకుండా తిరగడం గుర్రం బాధ్యత. అది ఆగిపోతేనే మళ్లీ పంపాలి. తన వెనక ఏముందో తెలియకుండా, తిరుగుతున్న గుర్రం వైపు చూడకుండా నిలబడటం మనిషికి ఎంత కష్టమో అది చేస్తేగాని తెలియదు. ముత్యానికీ మరో రకమైన చిక్కు వచ్చింది. ఎవరూ అదిలించకపోతే ఆగిపోవడం దానికి అలవాటు, ఎందుకంటే ఊరేగింపులో నాలుగడుగులు వేయడం, ఆగడం తప్ప వేరే నడక లేదు. ఆగిన ప్రతిసారీ మళ్లీ వేలు చూపి పంపడమే తప్ప చేసేదేమీ లేక, కొన్ని ఉదయాలు అంతటితోనే గడిచిపోయాయి. పక్కకు నడిపించే ఆట గోడ ఎదుట నిలబెట్టి చేస్తారు, అది మాకు తేలికగానే వచ్చింది.

ఈ కార్యక్రమంలో నాకు అంతగా నచ్చని భాగం ఒకటుంది. గుర్రాల స్వభావాలను మెదడు కుడివైపు, ఎడమవైపు అనీ, బయటకు తెరిచి ఉండేవి, లోపలికి ముడుచుకునేవి అనీ నాలుగు గడుల పట్టీలో పెట్టి, ఏ గడి గుర్రానికి ఏ వైఖరి అవలంబించాలో చెబుతారు. మెదడు పనితీరు ఇలా రెండు సగాలుగా తేలిగ్గా విడిపోదని శాస్త్రం చెబుతుంది గనుక ఆ పేర్లను అక్షరాలా తీసుకోనక్కరలేదు. అయితే ముడుచుకుపోయే గుర్రాన్ని తొందర పెట్టకూడదని, ఆగి ఎదురుచూడాలని నాకు మొదట చెప్పింది ఆ పట్టీయే. పేరు పక్కన పెట్టి సలహా తీసుకున్నాను.

ఏడో ఆట, ఇరుకులోంచి దాటించడం, నాకు అన్నిటికన్నా ముందుగా పనికివచ్చింది. మొదట గోడకూ నాకూ మధ్య బాగా ఎడం ఉంచి గుర్రాన్ని దాటిస్తారు. దాటి అవతలికి వెళ్లాక వెనక భాగాన్ని తిప్పి నా వైపు ముఖం పెట్టి ఆగాలి. క్రమంగా ఆ ఎడం తగ్గిస్తూ పోవాలి. ఇరుకైన చోటు గుర్రానికి ప్రాణభయం కలిగిస్తుంది, ఎందుకంటే పారిపోవడమే దాని రక్షణ. వానాకాలంలో కాలువ గట్టు మీద జోరీగలు పెరిగాక ముత్యానికి జ్వరం వచ్చి తగ్గుతూ, మళ్లీ రావడం మొదలైంది. ఈగల కాటుతో వ్యాపించే సర్రా అనే రక్తవ్యాధి కావచ్చునని, రక్తపరీక్ష కోసం గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకురమ్మని వైద్యుడు చెప్పారు. అంతకు ముందు దానిని మా తోటకు తెచ్చిన రోజున కళ్లకు గంతలు కట్టి, నలుగురు వెనక నుంచి నెట్టి వ్యానులో ఎక్కించారని సాయిబు గారికి తెలుసు, అందుకని ఆయన ముందుగానే ఇద్దరు మనుషుల్ని పిలిపించారు.

వ్యానును మట్టిగట్టుకు ఆనించి పెట్టాం. నేను గట్టు మీది నుంచి వ్యానులోకి వేసిన చెక్కపలక పక్కన నిలబడి, గోడ దగ్గర చేసినట్టే వేలు చూపి పంపాను. ముందుకాళ్లు పలక మీద పెట్టి ఆగింది, చెక్క చప్పుడు విని గిట్ట ఎత్తింది. మళ్లీ పంపకుండా దానిని వెనక్కి దిగనిచ్చాను. ఎక్కించే ముందు దిగడం చేతనవ్వాలని పాఠంలో ఉంది. తప్పించుకోగలనని తెలిసిన గుర్రమే లోపలికి వెళ్లడానికి సాహసిస్తుంది. అలా ఎక్కుతూ, దిగుతూ ఉండగా పిలిపించిన మనుషులు బీడీలు వెలిగించుకున్నారు. వ్యాను డ్రైవరు మాటిమాటికీ విసుక్కున్నాడు. చివరకు ముత్యం నాలుగు కాళ్లూ పెట్టి లోపలికి వెళ్లి, అక్కడ కట్టిన గడ్డి వాసన చూసి నిట్టూర్చింది. రక్తపరీక్షలో సర్రా అని తేలి, మందులు ఇప్పించాక జ్వరం తగ్గింది.

ఆ తరువాత మొదటి స్థాయి పనులన్నిటినీ కలిపి, మధ్యలో ఎక్కడా కత్తిరించని ఒక వీడియో తీశాను. అటువంటి వీడియోను శిక్షకులు చూసి ఆ స్థాయి పూర్తయిందో లేదో నిర్ణయించే ఏర్పాటు ఈ కార్యక్రమంలో ఉంది. నేను ఇంకా పంపలేదు. చుట్టూ తిప్పే ఆటలో ముత్యం ఎడమ వైపు తిరిగినంత సాఫీగా కుడి వైపు తిరగడం లేదు, అది సరైన తరువాత పంపాలని ఉంది. 22 అడుగుల పగ్గానికి కావలసిన తాడు అదే దుకాణంలో తెచ్చి ఉంచాను గాని, తోటలో మేము చదును చేసుకున్న జాగా వానలకు బురదగా ఉండటంతో గిట్టలు జారుతాయని పని వాయిదా వేశాను. నాడాలు కొట్టే ఆయన ఇప్పుడు ముట్టె బిగించే పుల్ల తేవడం మానేశాడు. వెనక కాలు అడిగితే ముత్యం తానే ఎత్తి ఇస్తోంది.

సాయిబు గారు ఈ మధ్య ఆ 12 అడుగుల పగ్గాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఊపి చూశారు. తన మనవడు నడిపే పెళ్లి గుర్రానికి అటువంటిదొకటి కుట్టించి ఇవ్వమని అడిగారు. తప్పకుండా ఇస్తాననీ, దాంతోపాటు మొదటి రెండు ఆటలు కూడా కుర్రాడికి చూపిస్తాననీ అన్నాను. "తాడు బాగుంది బాబూ, ఆటలు మాత్రం మీరే ఆడుకోండి" అన్నారాయన.